మందు కొట్టని పెరటి తోట: పురుగును అదుపులో పెట్టే వరుస, మచ్చ కాయను వాడుకునే తీరు

"జామకాయ పైకి బాగానే ఉంది, కోస్తే లోపల తెల్ల పురుగులు. ఏం కొట్టాలి?" పెరట్లోనో మిద్దె మీదో నాలుగు మొక్కలు పెంచేవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే.

కాయలో పురుగు కనబడ్డాక కొట్టడానికి ఏమీ లేదు. వేపనూనె అయినా, మరే కషాయమైనా తొక్క దాటి లోపలికి పోదు. ఆ కాయను ఎక్కడ పడేశారు, మిగతా కాయలకు తొడుగు ఎప్పుడు వేశారు అన్నదాన్ని బట్టే వచ్చే కాపు ఉంటుంది. అందుకే ఈ వ్యాసంలో కషాయాలు చాలా వెనక్కి వెళ్లాయి. ముందు చూడటం, తర్వాత చేత్తో తీయడం, ఆపైన తొడుగులు, ఎరలు. వీటితో తేలకపోతేనే స్ప్రేయర్.

ఇంటి తోటలో పురుగు పూర్తిగా లేకుండా చేయడం కుదరదు. ఆ ప్రయత్నమే దండగ. మొక్కను తినే పురుగు కొంచెమైనా లేకపోతే దాన్ని తిని బతికే పురుగు తోటలో నిలవదు.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- పది రెట్లు పెద్దగా చూపే చేతి భూతద్దం. సెల్‌ఫోన్ కెమెరాతో దగ్గరగా ఫొటో తీసి పెద్దది చేసుకున్నా పని జరుగుతుంది.
- మూత ఉన్న పాత డబ్బాలో సబ్బు నీళ్లు. ఏరిన పురుగులన్నీ ఇందులోకే.
- పదునైన కత్తెర, దాన్ని తుడవడానికి స్పిరిట్ తడిపిన దూది.
- ఒకటి లేదా రెండు లీటర్ల చేతి స్ప్రేయర్. గతంలో కలుపుమందుకో, పురుగుమందుకో వాడినది వద్దు.
- పాత న్యూస్‌పేపర్లు, పలచటి గుడ్డ సంచులు, పురికొస.
- పండు ఈగ ఎరలు. పండ్ల చెట్లకు మిథైల్ యూజినాల్, తీగ కూరలకు క్యూ ల్యూర్. ఒకదాని బదులు ఇంకొకటి పనిచేయదు, కొనేటప్పుడు పేరు చూసి కొనండి.
- వేపనూనె, గుప్పెడు కుంకుడుకాయలు.
- చిన్న నోట్‌బుక్. ఏ చెట్టుకు ఏ నెలలో ఏం పట్టిందో రాసిపెడితే మరుసటి ఏడాది సగం పని తగ్గుతుంది.

దీపారాధనకని అమ్మే వేపనూనె కొనొద్దు. అందులో ఏమేం కలిసి ఉంటాయో తెలియదు. వ్యవసాయ దుకాణంలో అజాడిరక్టిన్ (వేపలో పురుగు మీద పనిచేసే పదార్థం) శాతం రాసి ఉన్న సీసా తీసుకోండి. 1500 పి.పి.ఎం. రకమైతే లీటరు నీటికి 5 మి.లీ. వేస్తారు. 10,000 పి.పి.ఎం. రకానికి అంత అక్కర్లేదు, సీసా మీద రాసిన మోతాదు పాటించండి.

## 2. ఎవరు చేశారో తేల్చుకోండి

ఆకు మీద బొక్క కనిపించగానే స్ప్రేయర్ తీయకండి. ఆకు కింది వైపు చూడండి. అక్కడ ఏమీ లేకపోతే రాత్రి ఎనిమిదింటికి టార్చి పట్టుకుని మళ్లీ చూడండి. లద్దెపురుగులు, నత్తలు ఆ వేళకే బయటికొస్తాయి.

- లేత చిగుళ్ల మీద, చిక్కుడు కాయల మీద నల్లగా లేదా పచ్చగా గుంపులు: పేనుబంక.
- కణుపుల్లో తెల్లని దూది ముద్దలు: పిండినల్లి.
- మొక్కను కదిపితే లేచి మళ్లీ వాలే తెల్లటి రేణువులు: తెల్లదోమ.
- మిరప ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగులు, కిందికి ముడుచుకుంటే నల్లి. రైతులు పై ముడత, కింద ముడత అనేది ఇందుకే.
- నిమ్మ, టమాటా ఆకుల మీద తెల్లటి మెలికల గీతలు: పాముపొడ.
- వంగ మొక్కలో ఒక్క కొమ్మ కొన మాత్రం తలవాల్చితే: కొమ్మను, కాయను తొలిచే పురుగు.
- కరివేపాకు, నిమ్మ ఆకుల మీద పిట్ట రెట్టలా కనిపించేది: నిమ్మ సీతాకోకచిలుక పిల్ల పురుగు. పెద్దదయ్యాక పచ్చగా మారుతుంది.
- ఆకుల మీద మసి: అది అసలు తెగులు కాదు. పైన ఎక్కడో రసం పీల్చే పురుగు వదిలిన జిగట మీద పెరిగిన బూజు.

ఈ చివరిదాన్ని కొబ్బరి చెట్టున్న ఇళ్లవాళ్లు గుర్తుంచుకోవాలి. సర్పిలాకార తెల్లదోమ 2016 నుంచి దక్షిణాది కొబ్బరి తోటల్లో ఉంది. దాని జిగట, కింద ఉన్న జామ, అరటి, మందారం మీద పడి నల్లబారుతుంది. కింది మొక్కలకు ఏం కొట్టినా ఉపయోగం లేదు. పలచటి గంజి, లీటరు నీటికి 10 గ్రాముల పిండితో కాచినది, ఆకుల మీద చల్లితే అది ఎండి పొరలా ఊడేటప్పుడు మసినీ లాక్కుపోతుంది.

కొన్ని అసలు పురుగు పనే కాదు. టమాటా అడుగున నల్లటి మచ్చ, కాయ మీద పగుళ్లు, ఇవి ఒకరోజు ఎండగట్టి మరునాడు ముంచెత్తే నీళ్ల వల్ల వస్తాయి. వీటికి కషాయం కొట్టేవాళ్లు చాలామంది.

మన పక్షం వాళ్లనూ గుర్తుపట్టాలి. నున్నగా మెరిసే అక్షింతల పురుగులు, వాటి నల్లటి ముళ్ల పిల్లలు పేనుబంకను తింటాయి. ఆ పిల్లలను చూసి కొత్త చీడ అనుకుని నలిపేయడం చాలా ఇళ్లలో జరుగుతుంది. ఇక వంగ ఆకును జల్లెడలా గీకేది వేరే రకం. దాని వీపు మెరవదు, సన్నని నూగుతో మసకగా, 28 చుక్కలతో ఉంటుంది. దాని పిల్లలు పసుపు రంగు ముళ్ల బంతుల్లా ఉంటాయి. దాన్ని నలపొచ్చు. పేనుబంక గుంపులో ఉబ్బి గోధుమరంగుకి తిరిగినవి కనిపిస్తే ఆ కొమ్మ జోలికి పోవద్దు. వాటి లోపల పరాన్నజీవి కందిరీగ పెరుగుతోంది.

## 3. కదలాలా, వదిలేయాలా

మూడు ప్రశ్నలు వేసుకోండి.

- దెబ్బ తగిలింది తినే భాగానికా, ఆకుకా? బీర తీగ ఆకుల్లో కొన్నిటికి బొక్కలు పడ్డా కాయ దిగుబడి పెద్దగా మారదు. తోటకూరకు అవే బొక్కలు పడితే పోయేది కూరే.
- మొక్క వయసెంత? నాలుగాకుల నారుకు ఒక్క పెంకు పురుగు చాలు. మూడేళ్ల నిమ్మ చెట్టు పది సీతాకోకచిలుక పిల్లలను పోషించినా నిలబడుతుంది.
- గత వారం కన్నా పెరిగిందా, తగ్గిందా? తగ్గుతుంటే మిత్ర పురుగులు పనిలో ఉన్నట్టే. మీరు చేయి పెడితే చెడగొట్టినవాళ్లవుతారు.

రెండు వారాలు వరుసగా పెరిగి, దెబ్బ తినే భాగానికే తగులుతుంటే అప్పుడు కదలండి. వైరస్ మోసే తెల్లదోమ, తామర పురుగులు మాత్రం దీనికి మినహాయింపు. మిరప, బెండ మీద అవి కనిపించిన రోజే పని మొదలుపెట్టాలి.

## 4. వారానికి రెండుసార్లు, పొద్దున్నే

ఎండ రాకముందు పురుగులు మందకొడిగా ఉంటాయి. తీగ నారును తినే ఎర్ర పెంకు పురుగు ఆ వేళలో చేతికి దొరుకుతుంది, పదింటికి ఎగిరిపోతుంది.

- ఆకు కింది గుడ్ల కుప్పలను ఆకుతో సహా తుంచి సబ్బు నీళ్లలో వేయండి. లద్దెపురుగు ఒక్కో కుప్పలో వందల గుడ్లు పెడుతుంది. ఒక్క ఆకు తీస్తే అంత పని తప్పుతుంది.
- పేనుబంకను పైపు నీటి ధారతో కొట్టి కింద పడేయండి. కిందపడినవాటిలో చాలావరకు తిరిగి ఎక్కలేవు. మూడు రోజుల తేడాలో మళ్లీ చేయాలి.
- వాలిన వంగ కొమ్మ కొనను, వాలిన చోటికి అంగుళం కింద కత్తిరించండి. పురుగు లోపలే ఉంటుంది. అక్కడే పారేయకుండా సబ్బు నీళ్లలో ముంచండి.
- పసుపు ఆకులు, నేలను తాకే ఆకులు తీసేయండి.
- రాలిన ప్రతి కాయా ఏరండి. ఇది వారానికి రెండుసార్లు చాలదు, కాపు కాలంలో రోజూ చేయాలి. ఎందుకో కింద జామ దగ్గర ఉంది.

కడియం నుంచి తెచ్చిన మొక్కైనా, పక్కింటి పిన్నిగారు ఇచ్చిన కొమ్మైనా రెండు వారాలు విడిగా ఉంచండి. మిద్దె తోటల్లోకి పిండినల్లి ఎక్కువగా ఈ దారినే వస్తుంది.

## 5. జామ, పండు ఈగ: పూర్తి వరుస

ఒక్క చీడ మీదే మీకు ఓపిక ఉంటే దీని మీద పెట్టండి. ఇది తెలిస్తే మామిడి, సపోటాలకూ అదే పద్ధతి.

ఈగ రంగు తిరుగుతున్న కాయ తొక్క కింద సూదితో గుచ్చినట్టు గుడ్లు పెడుతుంది. ఒకట్రెండు రోజుల్లో పిల్ల పురుగులు బయటపడి గుజ్జు తింటాయి. కాయ మెత్తబడి రాలుతుంది. పురుగు అందులోంచి బయటికొచ్చి చెట్టు కింద మట్టిలో అంగుళం రెండంగుళాల లోతున కోశం కడుతుంది. అందులోంచి కొత్త ఈగ లేచి మళ్లీ కాయ మీదికి వస్తుంది. వాన కాలంలో ఈ చక్రం మూడు నాలుగు వారాల్లో తిరుగుతుంది. అంటే ఈ రోజు కింద వదిలేసిన కాయ వచ్చే నెల కాయలను పాడుచేస్తుంది. దీన్ని నాలుగు చోట్ల తెంచాలి.

రాలిన కాయ. ఎరువు గుంటలో వేయకండి. పురుగు అక్కడే కోశం కడుతుంది. నల్ల పాలిథిన్ కవర్లో వేసి గట్టిగా ముడేసి ఎండలో వారం పది రోజులు ఉంచండి. తర్వాత కంపోస్టులో వేసుకోవచ్చు. లేదంటే సబ్బు నీళ్ల బకెట్‌లో రెండు రోజులు ముంచి ఉంచండి. కోళ్లుంటే వాటికి వేస్తే సరిపోతుంది, మిగిలేది ఏమీ ఉండదు. పాతిపెడితే ఒకటిన్నర అడుగులకు తగ్గని లోతులో పాతండి.

చెట్టు కింది మట్టి. కాపు అయ్యాక పై మూడు అంగుళాలు గుల్ల చేసి ఎండనివ్వండి. కోశాలు పైకి తేలితే గోరింకలు, చీమలు తింటాయి. కుండీ అయితే పై పొర మట్టి తీసి పళ్లెంలో పరిచి ఎండబెట్టి మళ్లీ వేయండి.

మగ ఈగకు ఎర. మిథైల్ యూజినాల్ చెక్కముక్క ఉన్న బుట్టను చెట్టు అంచు కొమ్మకు, నీడలో, నాలుగైదు అడుగుల ఎత్తున కట్టండి. లీటరు సీసాకు పైవైపు పెన్సిలు పట్టేంత రంధ్రాలు నాలుగు చేసి ఇంట్లోనే తయారుచేసుకోవచ్చు. అడుగున సబ్బు నీళ్లు పోయాలి. కొన్ని చెక్కముక్కలను పురుగుమందులో కూడా ముంచి అమ్ముతారు, అడిగి తీసుకోండి. రెండు నెలలకోసారి ఎర మార్చాలి. తులసి ఆకులోనూ ఈ వాసన ద్రవ్యం కొంత ఉంది. నలిపి పెడితే ఈగలు వస్తాయి గానీ ఒకట్రెండు రోజులకే బలం తగ్గిపోతుంది.

బుట్ట నిండా ఈగలు పడ్డా కాయల్లో పురుగు ఆగలేదని చాలామంది నిరాశపడతారు. పడేవి మగవి మాత్రమే. గుడ్లు పెట్టే ఆడ ఈగ పక్కింటి చెట్టు నుంచి వస్తూనే ఉంటుంది. బుట్ట చేసేది రెండు పనులు. ఈగల సంఖ్యను కొంత తగ్గిస్తుంది, అవి ఎప్పుడు మొదలయ్యాయో చెబుతుంది. కాయను కాపాడేది తొడుగు.

తొడుగు. కాయ నిమ్మకాయంత అయ్యాక, గట్టిగా ముదురాకుపచ్చగా ఉన్నప్పుడే వేయాలి. తెల్లబారడం మొదలయ్యాక వేస్తే గుడ్లను లోపల పెట్టి కట్టినట్టే.

1. కాయను తడిగుడ్డతో తుడవండి. కింద ముచ్చిక దగ్గర ఎండిన పూరేకులు తీసేయండి. పిండినల్లి అక్కడే దాక్కుంటుంది, తొడుగు లోపల హాయిగా పెరుగుతుంది.
2. న్యూస్‌పేపరు రెండు మడతలతో సంచిలా చేసి తొడగండి. వాన కాలంలో పలచటి గుడ్డ సంచి మేలు.
3. నోరు కాడ దగ్గర సందు లేకుండా పురికొసతో కట్టండి. బిగించి కాడను కోయకండి.
4. పాలిథిన్ కవరు వాడితే అడుగు మూలలు రెండూ కత్తిరించాలి. లేకపోతే చెమ్మ నిలిచి కాయ కుళ్లుతుంది.
5. వారానికోసారి రెండు సంచులు విప్పి చూడండి.

చెట్టు పెద్దదై అన్నిటికీ కట్టలేకపోతే చేతికందే కొమ్మల కాయలకు కట్టండి. పై కాయలు చిలకలవి, ఉడతలవి. ఆ లెక్క ముందే ఒప్పుకుంటే గొడవ ఉండదు. జామను ఏడెనిమిది అడుగులకు మించి పెరగనివ్వకుండా కత్తిరిస్తూ ఉంటే ఈ సమస్యే రాదు.

కాపు కాలం మార్చడం. జామకు అన్నిటికన్నా మంచి ఉపాయం ఇదే. ఫిబ్రవరి-ఏప్రిల్ పూత వాన కాలంలో కాయగా వస్తుంది. ఈగ ఉధృతి ఎక్కువ, రుచి చప్పన. జూన్-జులై పూత చలికాలంలో కాయ అవుతుంది. ఈగ తక్కువ, తీపి ఎక్కువ. కాబట్టి వేసవిలో నేలలోని చెట్టుకు నీళ్లు బాగా తగ్గించి, ఆ పూతను తుంచేయండి. జూన్ తొలి వానలకు కొమ్మ కొనలు జానెడు కత్తిరించి పశువుల ఎరువు వేయండి. కుండీ చెట్టుకు నీళ్లు పూర్తిగా ఆపకూడదు, పూత తుంచడం చాలు. ఏడాది పొడుగునా కాసే తైవాన్ రకాలకు ఇది అంతగా కుదరదు, వాటికి తొడుగే గతి.

వాన కాలపు కాయను చెట్టు మీద పండనివ్వకండి. లేతాకుపచ్చకు తిరగగానే గట్టిగా ఉండగా కోసి, ఇంట్లో రెండు రోజులు పెట్టి తినండి.

## 6. బీర, కాకర, సొర, దోస

వీటి ఈగ వేరు, ఎర వేరు (క్యూ ల్యూర్). పద్ధతి పైదే. తొడుగుగా కాగితం పొట్లం చాలు, కిందివైపు తెరిచి ఉంచవచ్చు. పూవు వాడాకే తొడగండి, ముందే తొడిగితే పరాగం అందదు.

పిందెలు పసుపై రాలితే అన్నీ ఈగ కుట్టినవే అనుకోవద్దు. పిందెను కోసి చూడండి. లోపల శుభ్రంగా ఉంటే పరాగం అందలేదన్నమాట. మగపూవు తెంపి ఆడపూవుకు మీరే అద్దాలి. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, కాకర, దోస పొద్దున. పొద్దున్నే బీరకు పరాగం అద్దుదామని వెళితే పూవు అప్పటికే వాడి ఉంటుంది.

బూడిద తెగులు మొదలైతే 100 మి.లీ. పాలు, 900 మి.లీ. నీళ్లు కలిపి ఎండ తగిలే వేళలో ఆకుల మీద చల్లండి, వారానికోసారి. ముదిరితే పనిచేయదు, ఆ ఆకులు తీసేయాలి.

## 7. పిండినల్లి ఉందంటే ముందు చీమలను ఆపండి

పిండినల్లి, పేనుబంక వదిలే తియ్యటి జిగట కోసం చీమలు వాటిని కాపాడతాయి. అక్షింతల పురుగులను తరిమేస్తాయి, పిల్ల నల్లులను కొత్త కొమ్మలకు మోసుకుపోతాయి. చీమలుండగా ఎన్ని కషాయాలు కొట్టినా పదిరోజులకు మళ్లీ మొదటికే.

- చెట్టు మొదలుకు జానెడు వెడల్పు గుడ్డ చుట్టి దాని మీద గ్రీజు పూయండి. బెరడుకు నేరుగా పూయకండి.
- గోడను, పక్క మొక్కను తాకే కొమ్మలు కత్తిరించండి. లేకపోతే ఆ వంతెన మీదుగా వస్తాయి.
- కుండీ స్టాండు కాళ్ల కింద నీళ్ల మూతలు పెట్టండి. దోమలు పెరగకుండా వారానికోసారి నీళ్లు మార్చండి.
- చీమల సుద్దతో గీతలు గీయడం మాత్రం సేంద్రియం కాదు. అందులో ఉండేది పురుగుమందే.

చీమలు ఆగాక, పాత టూత్‌బ్రష్‌ను సబ్బు నీళ్లలో ముంచి దూది ముద్దలను గీకేయండి. ఆ మైనపు పూత కింద ఉన్నదాన్ని ఉత్త పిచికారీ తాకదు. గీకాక వేపనూనె కొడితే పురుగుకు తగులుతుంది.

బొప్పాయి పిండినల్లి 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో బయటపడ్డప్పుడు రైతులు ఎన్ని మందులు కొట్టినా ఆగలేదు. 2010లో విదేశం నుంచి తెప్పించి వదిలిన చిన్న పరాన్నజీవి కందిరీగ దాన్ని అదుపులోకి తెచ్చింది. పక్కింటివాళ్లు బొప్పాయికి ఘాటు మందు కొట్టమని సలహా ఇస్తే ఇది చెప్పండి.

## 8. ఇప్పుడు కషాయాలు

ఇంటికి రెండు చాలు. పది రకాలు కలిపి పులియబెట్టిన డ్రమ్ము అవసరం లేదు.

వేపనూనె, కుంకుడు రసం

1. నాలుగైదు కుంకుడుకాయలు గింజ తీసి రాత్రి గ్లాసు నీళ్లలో నానబెట్టండి. పొద్దున పిసికి వడకట్టండి.
2. చిన్న గిన్నెలో 5 మి.లీ. వేపనూనె, మూడు చెంచాల కుంకుడు రసం వేసి తెల్లగా పాలలా అయ్యేదాకా చిలకండి.
3. కొద్దికొద్దిగా నీళ్లు పోస్తూ లీటరు చేయండి. నూనె పైకి తేలితే కలవలేదన్నమాట, ఇంకాస్త రసం పోయండి. తేలిన నూనెతో కొడితే ఆకు మాడుతుంది.
4. ముందు నాలుగు ఆకుల మీద కొట్టి రెండు రోజులు చూడండి.
5. కలిపింది అదే రోజు వాడేయాలి.

వేప గింజల కషాయం

మే నుంచి జులై దాకా రాలే వేపపండ్లు ఏరి, గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టుకోండి. బూజు పట్టినవి పనికిరావు. పైపెంకు తీసిన పప్పు 50 గ్రాములు కచ్చాపచ్చాగా దంచి, గుడ్డలో మూటకట్టి లీటరు నీళ్లలో రాత్రంతా ఉంచండి. పొద్దున పిండి వడకట్టి, చిటికెడు సబ్బు పొడి గానీ కుంకుడు రసం గానీ కలపండి. ఆకు తినే పురుగులకు నా ఓటు నూనె కన్నా దీనికే.

కొట్టే వేళ సాయంత్రం ఐదు దాటాక. తేనెటీగలు అప్పటికి వెళ్లిపోతాయి, మందు ఎండకు చెడదు. ఆకు కింది వైపు తడవాలి, పైన మాత్రమే తడిపితే శ్రమ వృథా. వారానికోసారి, మూడుసార్లు. వేప పురుగును అక్కడికక్కడ చంపదు. తిండి మాన్పిస్తుంది, ఎదుగుదల ఆపుతుంది. మరునాడు పురుగు కదులుతోందని మోతాదు పెంచకండి.

లద్దెపురుగు, కాయతొలుచు పురుగు మరీ ఎక్కువైతే బి.టి. పొడి (పురుగును చంపే ఒక బాక్టీరియా) వాడొచ్చు. పురుగు చిన్నగా ఉన్నప్పుడు, తిన్నప్పుడే పనిచేస్తుంది. గడువు తేదీ చూసి కొనండి, అది జీవం ఉన్న సరుకు.

వద్దనేవి:

- పొగాకు కషాయం. ఆకు నుంచి వచ్చినంత మాత్రాన మంచిది కాదు. నికోటిన్ మనిషికీ విషమే, చర్మం గుండా లోపలికి పోతుంది. టమాటా, మిరపలకు పొగాకు నుంచి మొజాయిక్ వైరస్ అంటే ప్రమాదమూ ఉంది.
- బట్టల సోడా, ఘాటు డిటర్జెంట్. ఆకు మాడుతుంది.
- పచ్చిమిర్చి, వెల్లుల్లి ద్రావణం పూత మీద. మిత్ర పురుగులు, తేనెటీగలూ పోతాయి. వాడితే కళ్లద్దాలు, మాస్కు పెట్టుకుని, గాలి మీ వెనక నుంచి వీచేలా నిలబడి ఆకులకు మాత్రమే కొట్టండి.
- కోయబోయే ఆకుకూరల మీద వేపనూనె. కడిగినా చేదు పోదు.

## 9. కోశాక: మూడు గంపలు

మార్కెట్ కాయతో పోలిక పెట్టుకుంటే ఇంటి కాయ ఎప్పుడూ ఓడుతుంది. అక్కడ మచ్చ ఉన్నది గ్రేడింగులోనే పోతుంది కాబట్టి మన కంటికి కనిపించదు. ఇంట్లో మొత్తం కాపు కళ్ల ముందే ఉంటుంది. కోసిన వెంటనే ఇలా విడదీయండి.

మొదటి గంప: పైమచ్చ, కడిగి తినేయాలి

- నిమ్మకాయ మీద గజ్జి మచ్చలు. రసానికి ఏమీ కాదు.
- జామ తొక్క మీద గరుకు పొక్కులు, బెండ వంకర, టమాటా గీతలు.
- మసి పట్టిన మామిడి. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది.
- టెంక పురుగు ఉన్న మామిడి. పురుగు ఉండేది టెంకలో. గుజ్జు శుభ్రంగా ఉంటే తినొచ్చు.

రెండో గంప: కోసి చూసి, అదే రోజు వండాలి

- ఒక బొక్క ఉన్న వంకాయ. నిలువునా కోయండి. పురుగు దారి, దాని చుట్టూ అరంగుళం తీసేస్తే మిగతాది కూరే. గుత్తివంకాయకు మాత్రం వద్దు, లోపలేముందో కనబడదు.
- కొత్తగా పగిలిన టమాటా, బూజు వాసన లేనిది. పప్పులోకో, రోటి పచ్చడిలోకో.
- ఒకవైపే మెత్తబడిన జామ. నాలుగు ముక్కలు చేసి గుజ్జు రంగు చూడండి. గోధుమరంగు తిరిగిన ముక్క వదిలి మిగతావి తినొచ్చు.

ఈ గంపలోని మామిడి, నిమ్మ, టమాటాలను నిల్వ పచ్చడికి ఎప్పుడూ వాడకండి. దెబ్బ తగిలిన ఒక్క ముక్క ఆవకాయ జాడీ మొత్తాన్ని బూజు పట్టిస్తుంది. ముక్కల పచ్చడి చేసుకుని వారంలో తినేయండి.

మూడో గంప: నోట పెట్టకూడదు

- బూజు పట్టినవి, పులిసిన వాసన వచ్చేవి, పురుగు కాయంతా పాకినవి.
- గబ్బిలం, ఉడత, ఎలుక కొరికిన కాయలు. కొరికినంత మేర కోసి తినే అలవాటు చాలా ఇళ్లలో ఉంది, మానుకోండి. 2018లో కేరళలో గబ్బిలాల నుంచి సోకే నిపా వైరస్ వచ్చినప్పటి నుంచి ఆరోగ్య శాఖలు చెబుతున్నదీ ఇదే.
- చేదుగా ఉన్న సొరకాయ, దోసకాయ, బీరకాయ. పైకి ఎంత నిగనిగలాడుతున్నా సరే. ఆ చేదు ఉడికించినా పోదు, వాంతులతో ఆసుపత్రి పాలు చేస్తుంది. సొరకాయను కోసి చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూశాకే కూరలోనో జ్యూస్‌లోనో వేయండి. రూపం బాగాలేని కాయను మొహమాటం లేకుండా తినండి, చేదు కాయను మొహమాటం లేకుండా పారేయండి.

## 10. ఎక్కువగా జరిగే తప్పులు, సవరణలు

- బలం కోసం వేరుశనగ చెక్క మోతాదు మించి వేయడం. చిగుళ్లు మెత్తగా, రసంగా వస్తాయి, పేనుబంక దిగుతుంది. ఒక నెల ఆపి చూడండి.
- జీవామృతాన్ని (ఆవు పేడ, మూత్రం, బెల్లం పులియబెట్టిన ద్రావణం) పురుగుమందనుకోవడం. అది నేలకు. పురుగుకు కాదు.
- తోట నిండా పసుపు జిగురు అట్టలు. మిత్ర పురుగులూ అంటుకుంటాయి. తెల్లదోమ ఉన్నప్పుడే, రెండు మూడు చాలు. తగ్గగానే తీసేయండి.
- ఒకే మడిలో వంగ తర్వాత టమాటా, టమాటా తర్వాత మిరప. మూడూ ఒకే కుటుంబం. మధ్యలో చిక్కుడో, ఆకుకూరో, ముల్లంగో వేయండి.
- పూలే లేని కూరగాయల తోట. నాలుగు బంతి మొక్కలు, పూతకు వదిలేసిన కొత్తిమీర, సోంపు ఉంటే మిత్ర పురుగులకు తేనె దొరుకుతుంది. టమాటా కాయతొలుచు పురుగు బంతి పూల మీదా గుడ్లు పెడుతుంది. ఆ పూలను తరచు చూసి తీసేయాలి, లేకపోతే బంతే దాని నర్సరీ అవుతుంది.

## 11. పీకేయాల్సిన మొక్కలు

కొన్నిటికి ఏ వైద్యమూ లేదు. ఆకు ఈనెలు పసుపెక్కిన బెండ, ఆకులు గుత్తిగా ముడుచుకుపోయి ఎదుగుదల ఆగిన మిరప, కాయల మీద ఉంగరాల మచ్చలతో ఆకులు చీలికలైన బొప్పాయి, ఇవి వైరస్‌వి. నాలుగు కాయలైనా వస్తాయని ఉంచితే తెల్లదోమ, పేనుబంక అక్కడి నుంచి మిగతావాటికి మోసుకుపోతాయి.

పీకే ముందు సాయంత్రం ఆ మొక్కకు వేపనూనె కొట్టండి. లేకపోతే కదిపినప్పుడు దోమ లేచి పక్క మొక్క మీద వాలుతుంది. మరునాడు పొద్దున్నే పెద్ద కవరు తొడిగి, వేరుతో సహా లాగి, మూతికట్టి ఎండలో పెట్టండి. చేతులు, కత్తెర కడుక్కోండి. ఆ కుండీలో అదే పంట కాకుండా ఆకుకూరో, గోరుచిక్కుడో విత్తుకోవచ్చు. ఈ వైరస్‌లను మోసేవి పురుగులు, మట్టి కాదు. మట్టి మార్చాల్సిన పని లేదు.